మా వాడి మొదటి స్లీపోవర్

మెసేజ్ వచ్చేసరికి నేను ఆఫీసు క్యాబ్‌లో జేఎన్‌టీయూ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉన్నాను. మా వాడి క్లాస్‌మేట్ వాళ్ల అమ్మ పంపింది. "వచ్చే నెల రెండో శనివారం మా వాడి బర్త్‌డే. ఈసారి హాలు, డెకరేషన్ ఏమీ వద్దనుకున్నాం. క్లోజ్ ఫ్రెండ్స్ రాత్రికి మా ఇంట్లోనే ఉండిపోతారు. ఆదివారం పొద్దున టిఫిన్ పెట్టి పంపిస్తాం. మీ వాడిని తప్పకుండా పంపండి." చివర ఒక కేకు బొమ్మ, ఒక చందమామ బొమ్మ.

రెండుసార్లు చదివి ఫోన్ జేబులో పెట్టేశాను. చూడనట్టు ఊరుకుందామనుకున్నాను కానీ అప్పటికే నీలం టిక్కులు పడిపోయాయి.

మా వాడికి ఎనిమిదేళ్లు, మూడో తరగతి. చదువు పర్లేదు. క్యారమ్స్‌లో నన్ను ఓడిస్తాడు. వారంలో నాలుగైదు రాత్రులు పక్క తడుపుతాడు. ఈ ఆఖరి సంగతి మా ముగ్గురికీ, తెనాలిలో ఉన్న మా అమ్మకీ తప్ప ఇంకెవరికీ తెలియదు. నిజాంపేటలో ఉండే మా తమ్ముడికి కూడా చెప్పలేదు. పనమ్మాయి ఏడింటికి వస్తుంది కాబట్టి ఆరున్నరకల్లా దుప్పటి వాషింగ్ మెషీన్‌లో ఉండాలి. ఎవరూ పెట్టని రూలు అది, అలా నడిచిపోతోంది.

ఇంటికెళ్లేసరికి మా వాడికి అప్పటికే తెలిసిపోయింది. స్కూల్లోనే చెప్పుకున్నారట. సోఫా మీద నుంచి దివాన్ మీదకి, దివాన్ మీద నుంచి సోఫా మీదకి దూకుతున్నాడు. ఏ టీషర్ట్ వేసుకోవాలో, గిఫ్ట్ ఏం కొనాలో అన్నీ ఖాయం చేసేశాడు. మా ఆవిడ నా మొహం చూసింది, నేను ఆవిడ మొహం చూశాను. అన్నం తినేటప్పుడు ఆ ఊసే ఎత్తలేదు. రాత్రి లైటు ఆర్పాక చీకట్లోంచి వాడే అడిగాడు.

"నాన్నా, అక్కడ మంచం మీద పడుకుంటామా, కిందనా?"

అంటే వాడూ ఆలోచిస్తున్నాడు. దూకుతూనే ఆలోచిస్తున్నాడు.

మన వాళ్లకి ఈ స్లీపోవర్ అనే మాట కొత్త కానీ పని కొత్త కాదు. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో మా అమ్మమ్మగారింట్లో డాబా మీద నీళ్లు చల్లి, చాపలు పరిచి, పదిమంది పిల్లలం వరసగా పడుకునేవాళ్లం. ఎవరి పిల్లలు ఎవరింట్లో ఉన్నారో పెద్దవాళ్లు లెక్క కూడా పెట్టుకునేవారు కాదు. అందరికీ అవి తీపి గుర్తులు. నాకు మాత్రం ఆ డాబా అంటే ఇప్పటికీ గుండె దడ. మా అమ్మ నన్ను ఎప్పుడూ వరస చివర, పిట్టగోడ పక్కన పడుకోబెట్టేది. అర్ధరాత్రి భుజం తట్టి లేపి మెట్లు దించేది. ఆవిడ లేవడం ఆలస్యమైతే తెల్లారకముందే నా బొంత పెరటి గోడ మీద, వీధిలోకి కనపడని వైపు ఆరేది. నాకు పదేళ్లు వచ్చేదాకా ఇదే తంతు. ఐదో తరగతిలో స్కూలువాళ్లు నాగార్జునసాగర్ తీసుకెళ్తామన్నారు, ఒక రాత్రి అక్కడే బస. డబ్బులు కట్టాక, బస్సు బయల్దేరే రోజు పొద్దున కడుపునొప్పని పడుకున్నాను. నేను సాగర్ డ్యామ్ చూసింది ఇంజినీరింగ్‌లో.

పెళ్లై పదకొండేళ్లయినా ఈ సంగతి మా ఆవిడకి చెప్పలేదు. మా వాడి విషయం వచ్చినప్పుడల్లా ఆవిడ "మా వైపు ఎవరికీ లేదండీ" అనేది, నేను "ఊఁ" అనేవాణ్ని. ఇది రాయడానికి ఇప్పటికీ కాస్త సిగ్గుగానే ఉంది.

ముందు "ఆ రోజు ఊరెళ్తున్నాం" అని చెప్పేద్దామనుకున్నాం. ఆ ఆలోచన ఒక రాత్రే నిలబడింది. వాడు దూకిన దూకుడు గుర్తొస్తే అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. మర్నాడు పిల్లల డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాం. అంతకుముందు జలుబు, జ్వరాల కోసం అదే డాక్టరు దగ్గరికి పదిసార్లు వెళ్లి ఉంటాం. ఒక్కసారి కూడా ఈ మాట ఎత్తలేదు.

ఆయన మొదట మమ్మల్ని కాదు, వాడినే అడిగాడు. పగలు ఎప్పుడైనా అలా అవుతుందా? పోసేటప్పుడు మంట ఉందా? దాహం మరీ ఎక్కువగా వేస్తుందా? గురక పెడతాడా? మధ్యలో ఎప్పుడైనా ఆరు నెలలు వరసగా పొడిగా ఉన్నాడా? లేదు, పుట్టినప్పటి నుంచీ ఇంతే. తర్వాత, "మోషన్ రోజూ వెళ్తావా నాన్నా?" అన్నాడు. మా వాడు తలదించుకుని రెండు వేళ్లు చూపించాడు. రెండు రోజులకోసారట. మాకు తెలియదు. పొట్ట నొక్కి చూసి, లోపల గట్టిపడి ఉందని, అది మూత్రాశయం మీద ఒత్తిడి పెడుతుందని చెప్పాడు. పక్క తడపడానికీ మలబద్ధకానికీ లంకె ఉంటుందని నాకు ఆరోజే తెలిసింది.

అప్పుడు నా వైపు తిరిగి, "మీ ఇద్దరిలో ఎవరికైనా చిన్నప్పుడు ఉండేదా?" అన్నాడు.

మా ఆవిడ "లేదండీ" అంటోంది. నేను "నాకు ఉండేది. పదేళ్ల దాకా" అన్నాను.

ఆ రూములో ఫ్యాన్ చప్పుడు బాగా గుర్తుంది. డాక్టరు ఏమీ అనకుండా రాసుకున్నాడు. మా వాడు మాత్రం కుర్చీలోంచి ముందుకు వంగి, పళ్లన్నీ బయటపెట్టి, "నీకు కూడానా!" అన్నాడు. నేను క్రికెట్‌లో సెంచరీ కొట్టానని చెప్పినా అంత సంతోషపడి ఉండడు. మా ఆవిడ పార్కింగ్‌లో కారు దగ్గరికి వచ్చేదాకా ఆగి, "పదకొండేళ్లు" అంది. అంతే. ఆ రెండు రోజులు కాఫీ కప్పు నా ముందు కాస్త గట్టిగానే పడింది.

డాక్టరు చెప్పింది క్లుప్తంగా ఇదీ. రాత్రిపూట మెదడు ఒక హార్మోన్ ఎక్కువగా విడుదల చేసి కిడ్నీలు మూత్రం తక్కువ చేసేలా చూస్తుంది. కొందరు పిల్లల్లో అది ఇంకా సరిగ్గా అందుకోదు. దానికి తోడు మూత్రాశయం నిండినా మెలకువ రాదు. బద్ధకమూ కాదు, పొగరూ కాదు, భయం పట్టడమూ కాదు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లలకి వచ్చే అవకాశం బాగా ఎక్కువ. ఐదేళ్ల పిల్లల్లో సుమారు 15 శాతం మంది తడుపుతారు, ఏడేళ్లకి అది 10 శాతం దాకా తగ్గుతుంది, తర్వాత ఏటేటా కొంతమందికి దానంతటదే పోతుంది. "మీ క్లాసులో 35 మంది ఉన్నారనుకో, నీలాంటివాళ్లు ఇంకో ఇద్దరైనా ఉంటారు" అన్నాడు మా వాడితో. వాడు వెంటనే "ఎవరు?" అన్నాడు. "వాళ్లూ నీలాగే చెప్పరు" అన్నాడు డాక్టరు.

వయసుకి ఒకటి కలిపి 30తో హెచ్చవేస్తే ఆ వయసు పిల్లల మూత్రాశయం ఎన్ని మిల్లీలీటర్లు పడుతుందో సుమారుగా తెలుస్తుందట. మా వాడికి 270. మూడు రోజులు కొలిచి రాయమన్నాడు. వంటింట్లో పాత కొలత గ్లాసు ఒకటి దీనికి కేటాయించాం. దాని మీద మార్కర్‌తో పెద్ద ఇంటూ గుర్తు పెట్టాం, పొరపాటున ఎవరూ పాలు కొలవకుండా. 150, 140, ఒకసారి 180. అంతకంటే పైకి పోలేదు.

అసలు సంగతి ఆ రాతల్లో బయటపడింది. వాడు స్కూల్లో నీళ్లు తాగట్లేదు. లీటరు బాటిల్ నింపి పంపిస్తే ముప్పాతిక అలాగే తిరిగొస్తోంది. ఎందుకురా అంటే "టాయిలెట్ కంపు నాన్నా, అందుకే వెళ్లను, వెళ్లకూడదంటే తాగకూడదు కదా" అన్నాడు. ఎనిమిదేళ్లవాడి లెక్క. సాయంత్రం ఇంటికొచ్చి, ఆడుకుని, ఏడింటి నుంచి పడుకునేదాకా ఆ లోటంతా పూడ్చేవాడు. మేమేమో "నీళ్లు తాగరా" అని వెనకపడి మరీ తాగించేవాళ్లం. రోజూ కళ్లముందు జరిగిందే, ఎప్పుడూ లెక్క చూసుకోలేదు.

డాక్టరు చేయమన్నవి ఇవీ: పగలు బాగా తాగడం, రెండు మూడు గంటలకోసారి టాయిలెట్‌కి వెళ్లడం, సాయంత్రం తగ్గించడం, కూల్‌డ్రింకులు, టీ మానేయడం, పడుకునేముందు రెండుసార్లు వెళ్లడం. మలబద్ధకానికి నీళ్లలో కలుపుకునే ఒక పొడి. తిట్టొద్దు, పోలికలు పెట్టొద్దు. అర్ధరాత్రి లేపి తీసుకెళ్తే దుప్పటి పొడిగా ఉంటుంది గానీ సమస్య పోదు అన్నాడు. మా అమ్మ పడ్డ కష్టం గుర్తొచ్చింది. బట్ట తడవగానే మోగే అలారం కూడా ఉంటుందట, బాగా పనిచేస్తుందట, కాకపోతే రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి. మాకున్నది మూడు వారాలు.

"స్లీపోవర్‌కైతే టాబ్లెట్ ఉంది" అన్నాడు డాక్టరు. యూరిన్ టెస్ట్ చేయించి, అంతా బాగుందన్నాకే రాశాడు. ఆ హార్మోన్ పని చేసే మందు అది, వేసిన రాత్రికే పనిచేస్తుంది, రోగాన్ని మాన్పదు. ఒక్క షరతు గట్టిగా చెప్పాడు. వేసే గంట ముందు నుంచి, వేశాక ఎనిమిది గంటల దాకా దాదాపు ఏమీ తాగకూడదు. తాగితే ఒంట్లో నీరు నిలిచిపోయి సోడియం పడిపోతుంది, అది ప్రమాదం. ఆ రోజుకి మొదటిసారి వేయకుండా ముందే ఇంట్లో వేసి చూడమన్నాడు. మందు పేరు, మోతాదు ఇక్కడ రాయను. ఎవరి పిల్లాడికి ఎంతో వాళ్ల డాక్టరే చెప్పాలి.

ఇంట్లో మూడు రాత్రులు వేశాం. మొదటి రాత్రి పొడి. రెండో రాత్రి పొడి. మూడో రాత్రి కొంచెం. మాకు పండగే.

మా అమ్మకి ఫోన్ చేసి చెప్తే ఒప్పుకోలేదు. "మాత్రలేంట్రా పసివాడికి? నువ్వులు, బెల్లం దంచి ఉండలు పెట్టు. నీకు అవే పెట్టా." మరి పదేళ్ల దాకా ఎందుకు తగ్గలేదమ్మా అన్నాను. "పదేళ్లకి తగ్గిందిగా" అంది. ఆంజనేయస్వామి గుడిలో కట్టించిన తాయెత్తు సంగతి కూడా గుర్తుచేసింది. వాత పెడతానని అట్లకాడ చూపించిన సంగతి మాత్రం ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఒక రిహార్సల్ చేద్దామని ముందు శనివారం వాణ్ని మా తమ్ముడింట్లో పడుకోబెట్టాం. తమ్ముడికి ఏమీ చెప్పలేదు. టాబ్లెట్ మేమే వేసి, తొమ్మిదింటికి దింపి వచ్చేశాం. పొద్దున ఆరింటికి తమ్ముడి ఫోన్. "అన్నయ్యా, చిన్నోడు బాత్రూంలోంచి రావట్లేదు." పరిగెత్తాం. దుప్పటి బకెట్లో నానబెట్టి, తలుపు గడియ పెట్టుకుని కూర్చున్నాడు. జరిగిందేమిటంటే, తొమ్మిదిన్నరకి మా మరదలు పెద్ద పుచ్చకాయ కోసింది. బాబాయి నోట్లో పెడుతుంటే వద్దనలేకపోయాడు. నాలుగు ముక్కలట. ఏం కాలేదు గానీ డాక్టరు చెప్పిన హెచ్చరిక తలుచుకుంటే నా ఒళ్లు చల్లబడింది. వాళ్ల తప్పేముంది? మేం దాచాం, వాళ్లకి తెలియదు. పుచ్చకాయ పెట్టడం ప్రేమే.

తమ్ముడు దుప్పటి పిండుతూ, "దీనికా ఇంత? నిన్ను పిట్టగోడ పక్కన ఎందుకు పడుకోబెట్టేదో నాకు తెలియదనుకున్నావా?" అన్నాడు. వాడు నాకంటే నాలుగేళ్లు చిన్న. వాడికీ తెలుసన్నమాట.

ఇక ఆ పుట్టినరోజు పిల్లాడి అమ్మకి చెప్పక తప్పదు. కానీ అది మా వాడి రహస్యం, వాడి అనుమతి కావాలి. అడిగితే కాసేపు ఆలోచించి, "ఆంటీకి చెప్పు. వాడికి చెప్పొద్దని ఆంటీకి చెప్పు. అన్నయ్యకి అస్సలు వద్దు" అన్నాడు. ఆ అన్నయ్య పదో తరగతి.

ఫోన్‌లో ఇది ఒక్కటే అడగాలని కాదు. మా ఆవిడ కాగితం మీద రాసుకుంది. రాత్రి ఇంట్లో ఎవరెవరు ఉంటారు, పిల్లలు ఏ గదిలో, పెద్ద పిల్లాడు, వాడి ఫ్రెండ్స్ వస్తారా, ఫోన్లు ఎవరి చేతిలో, పన్నెండో అంతస్తు బాల్కనీకి గ్రిల్ ఉందా. ఇలా అడిగితే మన వాళ్లలో అనుమానిస్తున్నారనుకుంటారని నేను నసిగాను. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ వేసిన అధ్యయనం గురించి ఆవిడకి తెలుసు. 12 వేల మందికి పైగా పిల్లల్ని అడిగితే 53 శాతం మంది ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు. చేసినవాళ్లలో సగం మంది ఆ పిల్లలకి తెలిసినవాళ్లే. "వాళ్లు మంచివాళ్లే. అయినా అడుగుతా. నన్నెవరైనా అడిగినా చెప్తా" అంది. మా వాడికి కూడా మళ్లీ చెప్పింది. ఎవరి దగ్గరైనా, దేనికైనా ఇబ్బందిగా అనిపిస్తే ఎంత రాత్రైనా ఫోన్ చేయాలి, మేం వచ్చాక ఎందుకు చేశావని అడగం. మా ఇద్దరి నంబర్లూ, పిల్లల హెల్ప్‌లైన్ 1098 కూడా వాడికి నోటికి వచ్చు.

ఆవిడ ప్రశ్నలన్నీ అడిగేసి ఫోన్ నాకిచ్చింది, "మీ వంశపారంపర్యం మీరే చెప్పండి" అని. నేను మూడుసార్లు గొంతు సవరించుకుని చెప్పాను. అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఆ తల్లి నవ్వింది, మంచి నవ్వే. "అయ్యో పర్లేదండీ. ఇప్పటికి ముగ్గురు ఫోన్ చేశారు. ఒక బాబుకి గుడ్డు పడదట, కేకు ఎగ్‌లెస్ చెప్పా. ఇంకో బాబుకి లైటు లేకపోతే నిద్ర పట్టదట. మీది మూడోది. నేను అందరికీ పరుపుల కింద ప్లాస్టిక్ షీట్ వేసేస్తా, ఒక్కడికే వేసినట్టు ఉండదు." ఆ ఐడియా నాకు వచ్చి ఉండేది కాదు.

ఆ శనివారం బ్యాగ్ మా వాడే సర్దుకున్నాడు. ఒకేలాంటి నల్ల ట్రాక్ ప్యాంట్లు రెండు, ఒకటి మారిస్తే ఎవరికీ తెలియకుండా. జిప్ కవర్ ఒకటి, చిన్న టార్చి. రాత్రికి తొడుక్కునే పెద్ద సైజు ప్యాంట్ డైపర్ తెచ్చాం గానీ "నేనేమన్నా బేబీనా?" అని అలమారాలో వెనక్కి నెట్టేశాడు. సరేలే అన్నాం. టాబ్లెట్ ఆంటీ చేతికే ఇచ్చి, టైము కాగితం మీద రాసిచ్చాం. ప్రగతినగర్ నుంచి తెల్లాపూర్ వెళ్లేదాకా కారులో వాగుతూనే ఉన్నాడు. వాళ్ల గేటు దగ్గర మాత్రం నా చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలేశాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

మేం ఇంటికొచ్చి ఏం చేయాలో తెలియక పెరుగన్నం తిని టీవీ పెట్టుకున్నాం. ఎవరూ చూడలేదు. పదింటికి ఆంటీ మెసేజ్ పెట్టింది, "టాబ్లెట్ వేసుకున్నాడు." పదకొండు నలభైకి ఫొటో. క్యారమ్ బోర్డు చుట్టూ నలుగురు, ముగ్గురి చేతుల్లో కూల్‌డ్రింక్ గ్లాసులు, మా వాడి చేతిలో స్ట్రైకర్. ఫొటో పెద్దది చేసి వాడి చుట్టుపక్కల గ్లాసు ఉందేమోనని వెతికాను. ఒంటిగంటకి మా ఆవిడ, "నిద్రపోయారా?" అంది. "ఊఁ" అన్నాను. రెండుకి నేను అడిగాను. కారు తాళాలు దిండు పక్కనే ఉన్నాయి. ఫోన్ మోగలేదు.

పొద్దున తొమ్మిదిన్నరకి వెళ్తే సోఫాలో కూలబడి ఇడ్లీ తింటున్నాడు, కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. కారు ఎక్కి తలుపు పడగానే నేనింకా అడగకుండానే చెప్పాడు.

"పొడి."

"అరె! ప్యాంట్ మార్చుకోవాల్సిన పనే పడలేదా?"

"నిద్రపోతే కదా నాన్నా! మూడున్నర దాకా ఆడుకున్నాం. తర్వాత వాడు దయ్యం కథ చెప్పాడు. ఆ లైటు ఫ్రెండ్ ఏడ్చాడు. తెల్లారిపోయింది."

మూడు వారాల ఏర్పాట్లన్నీ వాళ్లు నిద్రపోతారన్న నమ్మకం మీద చేసుకున్నవి. కూల్‌డ్రింక్ ఇస్తే ఏమన్నావురా అంటే, గొంతు నొప్పి అన్నాడట. ఆంటీ అది విని నిజమనుకుని వేడి పాలు తెచ్చిందట. "కన్ను కొట్టా. ఆంటీ గుర్తొచ్చి తీసుకెళ్లిపోయింది."

ఆదివారం మధ్యాహ్నమంతా తూగాడు. రాత్రి ఎనిమిదింటికి అన్నం ముద్ద నోట్లో ఉండగానే నిద్రపోయాడు, ఎత్తుకెళ్లి పడుకోబెట్టాం. టాబ్లెట్ వేయలేదు, బాత్రూంకి తీసుకెళ్లనూ లేదు. తెల్లవారుజామున మూడింటికి చూస్తే పరుపు మీద చెరువు. వాడు లేవలేదు. మా ఆవిడ అటు పట్టుకుంటే నేను ఇటు పట్టుకుని దుప్పటి లాగాం, ప్యాంట్ మార్చాం. అప్పుడు ఒక కన్ను తెరిచి, "నాన్నా, నెక్స్ట్ మన ఇంట్లో పెడదాం" అన్నాడు.

"పెడదాంలే, పడుకో."

"ప్లాస్టిక్ షీట్లు నాలుగు కొను. వాళ్లలో ఎవరికైనా ఉండొచ్చు. చెప్పరు కదా."